జట్టు ఎవరిది? ఓటుతో తేల్చిన అభిమానులు

ఒక క్రీడా జట్టును అమ్మాలా, వద్దా అన్నది సాధారణంగా డబ్బున్నవారు నాలుగు గోడల మధ్య తేల్చుకునే వ్యవహారం. టికెట్టు కొని గొంతు పోయేలా అరిచే అభిమానిని ఎవరూ అడగరు. ఆస్ట్రేలియాలోని సిడ్నీ నగరంలో 2006 మార్చి 19న ఇందుకు భిన్నంగా జరిగింది. 98 ఏళ్ల చరిత్ర గల సౌత్ సిడ్నీ రగ్బీ లీగ్ క్లబ్బులో 75 శాతం వాటాను హాలీవుడ్ నటుడు రసెల్ క్రో, వ్యాపారవేత్త పీటర్ హోమ్స్ ఎ కోర్ట్‌లకు అప్పగించే ప్రతిపాదనపై క్లబ్బు సభ్యులైన అభిమానులే ఓటు వేశారు. ప్రతిపాదన నెగ్గాలంటే నాలుగింట మూడు వంతుల ఆమోదం తప్పనిసరి. లెక్కింపు ముగిసేసరికి అనుకూలంగా తేలినవి 75.8 శాతం. ఒక్క శాతం కూడా లేని ఆ మొగ్గుతో శ్రామికవాడల జట్టుగా పేరుపడిన 'ర్యాబిటోస్' ఇద్దరు సంపన్నుల చేతికి వెళ్లింది.

విక్రయ ధర 30 లక్షల ఆస్ట్రేలియా డాలర్లు. కానీ అభిమానులను చీల్చింది ధర ఒక్కటే కాదు. అయిదారేళ్ల ముందు ఇదే జట్టును బతికించుకోవడానికి వారంతా ఒక్కటిగా వీధుల్లోకి వచ్చారు. 'ఇది మా జట్టు' అని నినదించిన ఆ జనమే ఓటు రోజున రెండుగా విడిపోయారు.

కూలి నష్టంతో పుట్టిన ఆట

రగ్బీ లీగ్ తెలుగు పాఠకులకు అంతగా పరిచయం లేని ఆట. జట్టుకు 13 మంది. కోలగా ఉండే బంతిని చేతపట్టి ప్రత్యర్థి గీత దాటించాలి. బంతితో దూసుకొచ్చేవాణ్ని, కబడ్డీలో కూతకు వచ్చినవాణ్ని పట్టినట్లే మీదపడి నేలకు ఒరగదీస్తారు. ఆరుసార్లు అలా పట్టుబడితే బంతి అవతలి జట్టుకు దక్కుతుంది.

ఈ ఆట పుట్టుకలోనే డబ్బు గొడవ ఉంది. ఉత్తర ఇంగ్లండులోని మిల్లు కార్మికులు, గని కార్మికులు శనివారం ఆట కోసం పనిమానితే ఆ పూట కూలి పోయేది. ఆ నష్టాన్ని భర్తీ చేస్తామంటే రగ్బీ పెద్దలు ససేమిరా అన్నారు. దాంతో 1895లో హడర్స్‌ఫీల్డ్‌లో సమావేశమైన ఉత్తరాది క్లబ్బులు వేరుపడి సొంత సంఘం పెట్టుకున్నాయి. ఆ చీలిక నుంచే రగ్బీ లీగ్ రూపుదిద్దుకుంది. 1908 నాటికి అది సిడ్నీకి చేరింది.

ఆ ఏడాది జనవరిలో రెడ్‌ఫెర్న్ టౌన్‌హాలులో సౌత్ సిడ్నీ క్లబ్బు ఏర్పడింది. ఫ్యాక్టరీలు, రైల్వే వర్క్‌షాపులు, ఇరుకు ఇళ్ల వరుసలతో నిండిన ప్రాంతమది. తరువాతి కాలంలో ఆదివాసీ కుటుంబాలకూ, వారి హక్కుల ఉద్యమాలకూ కేంద్రమైంది. కుందేళ్ల మాంసాన్ని వీధివీధి తిరిగి అమ్మేవారు 'ర్యాబిట్ ఓ' అని కేకవేసేవారనీ, జట్టు ఆటగాళ్లలో కొందరు మ్యాచ్ రోజు ఉదయం అదే పని చేసి నాలుగు డబ్బులు సంపాదించుకునేవారనీ, జట్టుకు ఆ పేరు అలా వచ్చిందనీ చెబుతారు. ఎరుపు, ఆకుపచ్చ రంగుల జెర్సీతో ఆ జట్టు 1971 నాటికి 20 టైటిళ్లు గెలుచుకుంది. ఆ తర్వాత మరో టైటిల్ కోసం ఎదురుచూపులు మొదలయ్యాయి.

వెలివేతపై పోరు

1990ల నడుమ రగ్బీ లీగ్ ప్రసార హక్కుల కోసం రూపర్ట్ మర్డోక్, కెర్రీ ప్యాకర్ శిబిరాల మధ్య పెద్ద యుద్ధమే సాగింది. 1997లో ఒకే దేశంలో రెండు పోటీ లీగులు నడిచాయి. రాజీ కుదిరి, మరుసటి ఏడాది నేషనల్ రగ్బీ లీగ్ ఏర్పడింది. అయితే 2000 సంవత్సరానికి జట్ల సంఖ్యను 14కు కుదించాలన్నది ఆ రాజీలోని షరతు. కొలబద్దలు పెట్టి లెక్కలు చూసిన నిర్వాహకులు 1999 అక్టోబరులో సౌత్ సిడ్నీని పక్కనబెట్టారు. లీగ్ ఆవిర్భావం నాటి జట్టు లీగ్‌లోనే లేకుండా పోయింది.

అభిమానుల ఆగ్రహం కట్టలు తెంచుకుంది. వేటు ఖాయమని తేలిన ఆ అక్టోబరులో దాదాపు 40 వేల మంది సిడ్నీ వీధుల్లో కదం తొక్కారు. 2000 నవంబరులో ఫెడరల్ కోర్టు న్యాయమూర్తి క్లబ్బు వాదనను తోసిపుచ్చగా, కొద్దిరోజులకే జరిగిన మరో ప్రదర్శనలో పాల్గొన్నవారు 80 వేల మంది వరకు ఉంటారని అంచనా. ఇతర జట్ల అభిమానులు సైతం తమ జెర్సీలతోనే వచ్చి నడవడం విశేషం. నాయకత్వం వహించినది క్లబ్బు అధ్యక్షుడు జార్జ్ పిగ్గిన్స్. ఒకప్పుడు ఇదే జట్టుకు ఆడి, ఆపై శిక్షకుడిగా పనిచేసిన వ్యక్తి ఆయన. 2001 జులైలో ఫుల్ కోర్టు క్లబ్బు పక్షాన తీర్పు చెప్పింది. 2002లో జట్టు తిరిగి మైదానంలో అడుగుపెట్టింది. 2003లో హైకోర్టు ఆ తీర్పును కొట్టివేసినా జట్టు స్థానం మాత్రం చెక్కుచెదరలేదు.

ఈ పోరాట కాలంలోనే రసెల్ క్రో పేరు అభిమానుల నోళ్లలో నానింది. 'గ్లాడియేటర్' చిత్రంతో ఆస్కార్ అందుకున్న ఈ నటుడు బాల్యం నుంచీ ఆ జట్టుకు వీరాభిమాని. సిడ్నీలో 1908 నాటి తొలి లీగ్ మ్యాచ్ ఆరంభానికి మోగించిన ఇత్తడి గంట 1999లో వేలానికి రాగా, 42 వేల డాలర్లు పెట్టి కొని క్లబ్బుకే ఇచ్చారు. ఆయన కొనుగోలుదారుగా ముందుకు వచ్చినప్పుడు 'ఎవరో పరాయివాడు' అని తోసిపుచ్చడం ప్రత్యర్థులకు కష్టమైంది ఇందువల్లే.

గెలిచినా తీరని కష్టాలు

తిరిగి వచ్చాక మైదానంలో జట్టు తేలిపోయింది. 2003లో చివరి స్థానం, 2004లోనూ అదే. రెండేళ్లు పోటీకి దూరమైన జట్టు వద్దకు మేటి ఆటగాళ్లు రాలేదు. వచ్చేవారికి ఇవ్వడానికి డబ్బూ లేదు.

సిడ్నీ క్లబ్బుల ఆర్థిక వ్యవస్థ తెలిస్తే గానీ ఈ ఇబ్బంది అర్థం కాదు. న్యూసౌత్‌వేల్స్ రాష్ట్రంలో 1956లో క్లబ్బుల్లో జూదపు యంత్రాలకు చట్టబద్ధ అనుమతి లభించింది. అప్పటినుంచి ప్రతి జట్టుకూ అనుబంధంగా నడిచే 'లీగ్స్ క్లబ్బు' ఆ యంత్రాల ఆదాయంతో జట్టును పోషించడం ఆనవాయితీ అయింది. భోజనశాలలు, బారు, జూదపు యంత్రాలు ఉండే భవనమది. కొన్ని జట్ల లీగ్స్ క్లబ్బులు కోట్ల ఆదాయం గడించగా, రెడ్‌ఫెర్న్‌లోని సౌత్ సిడ్నీ లీగ్స్ క్లబ్బు తన ఖర్చులకే వెదుక్కోవలసిన స్థితిలో పడింది. జట్టుకు చెయ్యందించేది ఎక్కడి నుంచి? పైగా, పేదవాడి జేబులోని చిల్లరను యంత్రం మింగితే వచ్చే సొమ్ముతో పేదల జట్టు నడవడమే ఒక వైపరీత్యం. కొనుగోలు తర్వాత 2007లో, లీగ్స్ క్లబ్బులో ఈ యంత్రాలు లేకుండా చేయాలని కొత్త యజమానులే ప్రతిపాదించడం గమనార్హం.

రెండు వాదనలు

అమ్మకాన్ని సమర్థించినవారి లెక్క సూటిగా ఉంది. ఊరేగింపులతో కోర్టును, లీగ్‌ను కదిలించవచ్చు గానీ ఆటగాళ్లకు జీతాలు ఇవ్వలేం. చందాలతో ఒక పోరాటం నడుస్తుంది, ఏటేటా ఒక జట్టు నడవదు. పూర్తి హక్కు మనదేనని చెప్పుకొంటూ మునిగిపోయే క్లబ్బు కన్నా, పావు వంతు మనది, ముప్పావు వంతు మరొకరిది అయినా బతికే క్లబ్బు మేలు. వచ్చేవాడు ఎటూ అభిమానే. అతని పేరు చూసి ప్రాయోజకులు వస్తారు, ఆటగాళ్లు వస్తారు.

వ్యతిరేకుల వాదన కూడా అంతే సూటిగా ఉంది. దానికి గొంతుక అయినది మరెవరో కాదు, జార్జ్ పిగ్గిన్స్. అప్పటికి అధ్యక్ష పదవిలో లేని ఆయన ఈ అమ్మకాన్ని గట్టిగా ప్రతిఘటించారు. దశాబ్దాల పాటు సభ్యుల ఆస్తిగా ఉన్నదాన్ని ఒకసారి అమ్మితే తిరిగి రాదన్నది ఈ పక్షం భయం. మర్డోక్ సంస్థతో పోరాడినది జట్టు మైదానంలో ఉండటానికి మాత్రమేనా, లేక జట్టు జనానిదిగా ఉండటానికా? జనానిదిగా ఉండటానికే అయితే కొనేవాడు మంచివాడా, చెడ్డవాడా అన్నది ప్రశ్నే కాదు. ఈ రోజు కొన్నది అభిమానే కావచ్చు. రేపు అతను మరొకరికి అమ్మితే అడ్డుకునేదెవరు?

పిగ్గిన్స్‌ను కాదని ఓటు వేయడం చాలామందికి సులువైన పని కాదు. ఆయన పట్టుదల లేకపోతే అమ్మడానికి జట్టే మిగిలేది కాదు. మరోవైపు, ఆయన బాటలోనే సాగితే మరో అయిదేళ్లకు ఏం మిగులుతుందో చెప్పగలిగినవారూ లేరు. తుది లెక్క ఆ ఊగిసలాటకు అద్దం పట్టింది. మామూలు ఎన్నికలో 75.8 శాతం ఓట్లంటే తిరుగులేని మెజారిటీ. ఇక్కడ గట్టెక్కడానికి అది చాలీచాలని అంకె. వంద మందిలో ఒకరు మనసు మార్చుకున్నా ప్రతిపాదన వీగిపోయేది.

ఓటు తర్వాత పిగ్గిన్స్ చాలా ఏళ్లపాటు జట్టు మ్యాచ్‌లకు దూరంగా ఉండిపోయారు.

అమ్మకం తర్వాత

డబ్బు వచ్చిన వెంటనే గెలుపు రాలేదు. కొత్త యజమానుల తొలి ఏడాది 2006లోనూ జట్టుకు దక్కింది చివరి స్థానమే. 2007లో మాత్రం 1989 తర్వాత తొలిసారిగా నాకౌట్ దశకు చేరింది. తదుపరి సంవత్సరాల్లో ఇంగ్లండు నుంచి శామ్ బర్గెస్, మెల్‌బోర్న్ జట్టు నుంచి గ్రెగ్ ఇంగ్లిస్ వంటి మేటి ఆటగాళ్లు వచ్చి చేరారు. అమ్మకాన్ని సమర్థించినవారు ఆశించినది ఇదే.

వ్యతిరేకులు భయపడిన ఘట్టమూ వచ్చింది. 2012 నవంబరులో క్రో తన వాటాను అమ్మదలచినట్లు ప్రకటన వెలువడింది. అభిమానే అయిన యజమాని కూడా ఒకనాడు బయటకు నడవగలడని ఆరేళ్ల క్రితం హెచ్చరించినవారికి ఆ వార్త కొత్తగా అనిపించి ఉండదు. ఆయన ఆ తర్వాత మనసు మార్చుకుని కొనసాగారు.

2014 అక్టోబరు 5న 83,833 మంది ప్రేక్షకుల ఎదుట జరిగిన ఫైనల్లో సౌత్ సిడ్నీ 30-6 తేడాతో కాంటర్‌బరీ బుల్‌డాగ్స్‌ను ఓడించింది. 43 ఏళ్ల తర్వాత దక్కిన టైటిల్ అది, మొత్తం మీద 21వది. ఆట ఆరంభంలోనే చెంప ఎముక విరిగినా బర్గెస్ చివరిదాకా ఆడి ఉత్తమ ఆటగాడిగా నిలిచారు. ఆ రాత్రి ఆనందంలో 2006 నాటి ఓటు ఎవరిది ఎటు అని అడిగేవారు ఉండకపోవచ్చు. అయితే టైటిల్ గెలిచినంత మాత్రాన వ్యతిరేకుల ప్రశ్నకు జవాబు దొరికిందనుకోవడం పొరపాటు. వారు అడిగినది జట్టు గెలుస్తుందా అని కాదు, ఎవరిదిగా ఉంటుంది అని.

అదే 2014లో హోమ్స్ ఎ కోర్ట్ వాటా జేమ్స్ ప్యాకర్ పరమైంది. 1990ల ప్రసార యుద్ధంలో మర్డోక్‌తో తలపడిన కెర్రీ ప్యాకర్ కుమారుడే ఈయన. ఆపై అట్లాసియన్ సంస్థ సహవ్యవస్థాపకుడు మైక్ కానన్-బ్రూక్స్ కూడా వాటాదారుగా చేరారు. ముప్పావు వంతులో ఇలా యజమానులు మారుతూ, చేరుతూ వచ్చారు. 2006లో సభ్యులు తమకోసం అట్టిపెట్టుకున్న 25 శాతం వాటా మాత్రం వారి చేతిలోనే ఉంది.