మంట లేకపోయినా మూత్రపరీక్ష ఎందుకు?

చర్ల, దుమ్ముగూడెం వైపు అడవి ఊళ్లలో, దగ్గర్లో మరుగుదొడ్డి లేదని నీళ్లు తక్కువ తాగి, చీకటి పడేదాకా మూత్రం ఆపుకునే గర్భిణులు ఉంటారు. అది మంచిది కాదు.

కడుపుతో ఉన్నప్పుడు హార్మోన్ల వల్ల మూత్రనాళాలు వదులవుతాయి, పెరిగే గర్భసంచి వాటిని నొక్కుతుంది. మూత్రం నిలిచిపోయి ఈ.కోలై లాంటి బ్యాక్టీరియా పెరుగుతుంది. ఒక్కోసారి మంట, నొప్పి ఏమీ ఉండవు. వదిలేస్తే కిడ్నీదాకా పాకొచ్చు, నెలలు నిండకుండానే కాన్పు అయిపోవచ్చు.

అందుకే మొదటి చెకప్‌లోనే మూత్రపరీక్ష అడగండి. ప్రతినెలా 9న ప్రభుత్వాసుపత్రుల్లో గర్భిణులకు ఉచితంగా చూస్తారు. డాక్టరు ఇచ్చిన మాత్రలు మంట తగ్గిందని మధ్యలో ఆపొద్దు. చలిజ్వరం, నడుము పక్కన నొప్పి, వాంతులు వస్తే తెల్లారేదాకా ఆగొద్దు, 108కి ఫోన్ చేయండి.

ఫోన్ లేని అక్కకు, వదినకు ఈ మాట మీరే చెప్పండి.