ఎఫ్‌-1 మీద ఉన్నవాళ్లకీ ఒక ఓటుంది

అమెరికాలో ఎఫ్‌-1 వీసా మీద చదువుకునే విద్యార్థికి రాజకీయంగా నోరు లేనట్టే. మేరీల్యాండ్‌లోని టకోమా పార్క్ లాంటి కొన్ని ఊళ్లను మినహాయిస్తే మేయర్ ఎన్నికలో కూడా ఓటుండదు. నచ్చిన అభ్యర్థికి పది డాలర్లు చందా ఇద్దామన్నా ఫెడరల్ చట్టం ఒప్పుకోదు. కానీ పౌరసత్వంతో పనిలేకుండా ఓటు వేయగలిగే చోటు, పోటీ చేసి గెలవగలిగే చోటు, గెలిచాక నలుగురి డబ్బు ఎలా ఖర్చుకావాలో చెప్పగలిగే చోటు ఒకటుంది. అది తను చదివే యూనివర్సిటీలోని గ్రాడ్యుయేట్ స్టూడెంట్ గవర్నమెంట్. ఎంఎస్‌లోనో పీహెచ్‌డీలోనో పేరు నమోదై, చదువు సవ్యంగా సాగుతుంటే చాలు, సాధారణంగా ఎవరైనా నిలబడవచ్చు.

2023-24 విద్యా సంవత్సరంలో అమెరికాలో ఉన్న భారతీయ విద్యార్థులు 3,31,602 మంది. అందులో మాస్టర్స్, డాక్టరేట్ స్థాయిలో చదువుతున్నవాళ్లే 1,96,567. వీళ్లలో తెలుగు పిల్లలు ఎందరో ఏ కంప్యూటర్ సైన్స్ డిపార్ట్‌మెంట్‌కి వెళ్లినా తెలిసిపోతుంది. అయినా తరగతిలో మనవాళ్లు బారులు తీరి కూర్చున్న డిపార్ట్‌మెంట్‌కే స్టూడెంట్ సెనేట్‌లో కుర్చీ ఖాళీగా ఉండటం నేను చూశాను. పోటీలో ఓడిపోయి కాదు, ఎవరూ నామినేషన్ వేయక. ఇండియన్ స్టూడెంట్స్ అసోసియేషన్ అధ్యక్ష పదవికి మాత్రం మనలో మనకే గట్టి పోటీ ఉంటుంది. దీపావళి చేయడం మంచిదే, నేనూ వంట దగ్గర నిలబడినవాణ్నే. అయితే ఆరోగ్య బీమా ప్రీమియం ఎంత పెరగాలి, కాన్ఫరెన్స్ ప్రయాణానికి సాయం ఎంత ఇవ్వాలి అన్నది దీపావళి కమిటీలో తేలదు.

మన పిల్లలకు ఆసక్తి లేదంటే నేను ఒప్పుకోను. అలవాటు లేదు, అంతే. 1960ల్లో ఉస్మానియా నుంచి జైపాల్ రెడ్డి, 1970ల్లో ఆంధ్ర విశ్వవిద్యాలయం నుంచి వెంకయ్య నాయుడు విద్యార్థి నాయకులుగానే పైకొచ్చారు. ఆ తర్వాత మన క్యాంపస్‌లలో ఎన్నికలు ఆగిపోయి దశాబ్దాలు గడిచాయి. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ లాంటి చోట్ల తప్ప ఆ సందడే లేదు. ఎన్నికలు ఎలా జరపాలో లింగ్డో కమిటీ చెప్పింది, 2006లో సుప్రీంకోర్టు దాన్ని అమలు చేయమంది. అభ్యర్థి ఖర్చు ఐదు వేల రూపాయలు దాటకూడదన్నది అందులో ఒక నియమం. కానీ మన ప్రైవేటు ఇంజినీరింగ్ కాలేజీల గేటు లోపలికి ఆ ఎన్నికలు ఎప్పుడూ రాలేదు. ఇంటర్ రెండేళ్లు హాస్టల్, బీటెక్ నాలుగేళ్లు అటెండెన్స్. ఇరవై రెండేళ్లొచ్చి విమానం ఎక్కే కుర్రవాడు విద్యార్థిగా ఒక్క ఓటు వేసి ఉండడు, ఇక నిలబడటం ఎక్కడిది?

పేర్లు యూనివర్సిటీని బట్టి మారతాయి. ఎంఐటీలో 1953 నుంచి గ్రాడ్యుయేట్ స్టూడెంట్ కౌన్సిల్ ఉంది, ఒహాయో స్టేట్‌లో 1955 నుంచి కౌన్సిల్ ఆఫ్ గ్రాడ్యుయేట్ స్టూడెంట్స్. ఇంకోచోట అసెంబ్లీ అంటారు, మరోచోట సెనేట్. పేరేదైనా డిపార్ట్‌మెంట్ల నుంచో కాలేజీల నుంచో ప్రతినిధులు వస్తారు, పైన అధ్యక్షుడు, ఉపాధ్యక్షుడు, కోశాధికారి లాంటి నలుగురైదుగురు ఉంటారు. పోటీ చేయాలనుకున్నవాళ్లు మొట్టమొదట తెలుసుకోవాల్సింది అధ్యక్షుణ్ని ఎవరు ఎన్నుకుంటారన్నది. కొన్నిచోట్ల గ్రాడ్యుయేట్ విద్యార్థులందరికీ ఓటుంటుంది. ఎంఐటీ లాంటి చోట కౌన్సిల్ ప్రతినిధులే ఎన్నుకుంటారు. మొదటి రకంలో క్యాంపస్ అంతా తిరగాలి. రెండో రకంలో ఏడాదిపాటు సమావేశాలకు వచ్చి, పనిచేసి, ఆ గదిలో ఉన్నవాళ్ల నమ్మకం సంపాదించాలి.

ఈ సంఘాల బలం వేదిక మీద కనబడదు, కమిటీల్లో ఉంటుంది. బీమా, హౌసింగ్, ఫీజులు, పార్కింగ్, గ్రాడ్యుయేట్ స్కూల్ నిబంధనలు, వీటిమీద యూనివర్సిటీ వేసే కమిటీల్లో విద్యార్థులకు కేటాయించిన కుర్చీలకు మనుషుల్ని పంపేది చాలాచోట్ల స్టూడెంట్ గవర్నమెంటే. కార్నెల్‌లో ఏకంగా ట్రస్టీల బోర్డులోనే గ్రాడ్యుయేట్, ప్రొఫెషనల్ విద్యార్థులు ఎన్నుకున్న ఒక ట్రస్టీ కూర్చుంటారు. కాలిఫోర్నియా యూనివర్సిటీ రీజెంట్లలో 1975 నుంచీ ఒక విద్యార్థి ఉన్నారు, ఆ విద్యార్థికి ఓటు కూడా ఉంది.

ఈ కుర్చీలు ఎప్పుడు అక్కరకొస్తాయో చెప్పడానికి మిస్సోరీ సంగతి ఒక్కటి చాలు. 2015 ఆగస్టులో, సెమిస్టర్ మొదలవబోతుండగా, టీచింగ్, రీసెర్చ్ అసిస్టెంట్లుగా పనిచేసే విద్యార్థుల (టీఏలు, ఆర్ఏల) ఆరోగ్య బీమాకు ఇస్తున్న సబ్సిడీ ఆపేస్తున్నామని మిస్సోరీ యూనివర్సిటీ చెప్పింది. అప్పటిదాకా ఉన్న బీమా గడువు ముగియడానికి ఒక్కరోజు కూడా వ్యవధి ఇవ్వలేదు. ఒబామా ఆరోగ్య చట్టాన్ని పన్నుల శాఖ అన్వయించిన తీరు వల్ల అలా చేయాల్సి వస్తోందన్నది వాళ్ల వివరణ. స్టైపెండ్ మీద బతికే కుటుంబాలకు, కాన్పు దగ్గరపడ్డ ఇళ్లకు అది ఎంత పిడుగో ఊహించుకోండి. విద్యార్థులు ఏకమై నిలదీశారు, వారం తిరిగేసరికి యూనివర్సిటీ వెనక్కి తగ్గింది. 2017లో కాంగ్రెస్ ప్రతినిధుల సభ ట్యూషన్ వేవర్‌ని ఆదాయంగా లెక్కగట్టి పన్ను వేసే బిల్లును ఆమోదించినప్పుడు క్యాంపస్‌ల నుంచి ఫోన్లు, ఉత్తరాలు, ధర్నాలు మొదలయ్యాయి. డిసెంబరు 22న సంతకమైన చట్టంలో ఆ నిబంధన లేదు. 2020 జులై 6న, తరగతులన్నీ ఆన్‌లైన్‌లో ఉంటే ఎఫ్‌-1 విద్యార్థులు దేశం విడిచి వెళ్లాలన్న ఆదేశం వచ్చింది. 8న హార్వర్డ్, ఎంఐటీ కోర్టుకెక్కాయి, 14న ప్రభుత్వం దాన్ని ఉపసంహరించుకుంది. అలాంటి వారాల్లో యూనివర్సిటీ అధికారులు విద్యార్థుల మాట వినాలనుకుంటే ముందుగా పిలిచేది ఎన్నికైన ప్రతినిధుల్నే. ఆ గదిలో ఐ-20 (ఎఫ్‌-1 వీసాకు యూనివర్సిటీ ఇచ్చే పత్రం) అంటే ఏమిటో సొంత అనుభవంతో తెలిసినవాళ్లు ఒక్కరైనా ఉండాలి కదా!

ఒక తేడా స్పష్టంగా తెలిసి ఉండాలి. స్టూడెంట్ గవర్నమెంట్ వేరు, యూనియన్ వేరు. ప్రైవేటు యూనివర్సిటీల్లో పనిచేసే టీఏలు, ఆర్ఏలు ఉద్యోగులేనని, యూనియన్ పెట్టుకోవచ్చని 2016లో కొలంబియా కేసులో జాతీయ కార్మిక సంబంధాల బోర్డు తేల్చింది. జీతం గురించి బేరమాడి ఒప్పందం రాసుకునే హక్కు యూనియన్‌ది. స్టూడెంట్ గవర్నమెంట్ తీర్మానం చేయగలదు, కమిటీలో వాదించగలదు, లెక్కలు అడగగలదు, తన చేతిలోని నిధిని పంచగలదు. అందుకని స్టైపెండ్ పెంచేస్తానని పోస్టర్ వేయకూడదు. చేయగలిగినదే చెప్పాలి.

చేయగలిగినవి తక్కువేం కాదు. కాన్ఫరెన్స్ గ్రాంట్‌నే తీసుకోండి. పేపర్ ఆమోదం పొందిన విద్యార్థి ముందు విమాన టికెట్, హోటల్, రిజిస్ట్రేషన్ అన్నీ సొంత డబ్బుతో కట్టి, వెళ్లొచ్చి, రసీదులు ఇచ్చి, ఆ డబ్బు కోసం వారాల తరబడి ఎదురుచూడాలి. ఇక్కడే పుట్టి పెరిగినవాళ్లకి అది క్రెడిట్ కార్డు మీద ఒక బిల్లు. ఆగస్టులో దిగి, క్రెడిట్ హిస్టరీ లేక, చిన్న లిమిట్‌తో ఒక స్టూడెంట్ కార్డు మాత్రమే చేతికొచ్చిన కుర్రవాడికి అది వెళ్లాలా మానాలా అన్న ప్రశ్న. గ్రాంటు ఉంది, అర్హత ఉంది, అయినా వెళ్లలేడు.

నేను డిపార్ట్‌మెంట్ ప్రతినిధిగా ఉన్న రోజుల్లో ఈ గ్రాంటు మొత్తం పెంచాలని ఒక ప్రతిపాదన వచ్చింది. సివిల్ ఇంజినీరింగ్‌లో పీహెచ్‌డీ చేస్తున్న మన తెలుగబ్బాయి లేచి, పెంచడం కంటే ముందుగా ఇవ్వడం ముఖ్యమని చక్కగా చెప్పాడు. అందరూ తలలూపారు. రెండు నిమిషాల గడువు అయిపోయింది, ఓటింగ్ జరిగింది, మొత్తం పెరిగింది, పద్ధతి మాత్రం మారలేదు. అతను అభిప్రాయం చెప్పాడు కానీ సవరణ ప్రతిపాదించలేదు. ప్రతిపాదించకపోతే దాన్ని బలపరిచేవాళ్లు ఉండరు, బలపరచకపోతే చర్చ లేదు, చర్చ లేకపోతే ఓటు లేదు. మరుసటి నెల అతనే ఒక పేజీ తీర్మానం రాసుకొచ్చాడు. కింద చరిత్ర విభాగం నుంచి ఒకరు, కెమిస్ట్రీ నుంచి ఒకరు సంతకం పెట్టారు. రిజిస్ట్రేషన్ రుసుమును యూనివర్సిటీ కార్డు మీద నేరుగా కట్టాలన్నది అందులో ప్రధానాంశం. ఓటింగ్ కార్డులు పైకి లేచాయి, లెక్కపెట్టారు, నెగ్గింది. ఆ పద్ధతి అమల్లోకి రావడానికి అకౌంట్స్ ఆఫీసు చుట్టూ ఇంకో సెమిస్టర్ తిరగాల్సి వచ్చింది, తిరిగాడు.

ఇలాంటి సభల్లో చాలావాటికి రాబర్ట్స్ రూల్స్ ఆఫ్ ఆర్డర్ ప్రామాణికం. రాసింది హెన్రీ మార్టిన్ రాబర్ట్ అనే సైనిక ఇంజినీరు. 1863లో న్యూ బెడ్‌ఫోర్డ్‌లో ఒక చర్చి సభకు అధ్యక్షత వహించాల్సి వచ్చి, సభ నడపడం చేతకాక ఇబ్బందిపడి, తర్వాత చాలా చదివి 1876లో ఆ పుస్తకం వేశాడు. మొత్తం చదవక్కర్లేదు. ప్రతిపాదించడం, బలపరచడం, సవరణ, వాయిదా, కోరం, నియమభంగాన్ని ఎత్తిచూపడం, ఈ ఆరూ వస్తే సభలో తడబడే పని ఉండదు. ఇంగ్లీషు యాస గురించి భయపడేవాళ్లకు నేను చెప్పేది ఇదే. పద్ధతి తెలిసినవాడి మాట యాసతో నిమిత్తం లేకుండా మినిట్స్‌లోకి ఎక్కుతుంది.

ఎంఎస్ విద్యార్థికి కాలం పెద్ద చిక్కు. ఎన్నికలు ఎక్కువగా వసంత సెమిస్టర్‌లో జరుగుతాయి, కొత్తవాళ్లు వేసవి మొదట్లో బాధ్యతలు తీసుకుంటారు. ఆగస్టులో వచ్చినవాళ్లు ఆ మొదటి సెప్టెంబరులోనే ఖాళీగా ఉన్న డిపార్ట్‌మెంట్ సీటు అడిగి తీసుకుంటే, ఏడు నెలల తర్వాత పెద్ద పదవికి నిలబడేసరికి చెప్పుకోవడానికి చేసిన పని ఉంటుంది. గెలిచిన వెంటనే సీపీటీ (చదువులో భాగంగా బయట పనిచేసే అనుమతి) మీద వేరే ఊళ్లో ఇంటర్న్‌షిప్ వస్తే వేసవి సమావేశాలకు ఎలా హాజరవ్వాలో ముందే అడిగి తెలుసుకోవాలి. డిసెంబరులో పట్టా తీసుకునేవాళ్లు ఏడాది పదవికి నిలబడకపోవడమే న్యాయం. పీహెచ్‌డీవాళ్లకు ఏళ్లు చేతిలో ఉంటాయి. వాళ్లు ఒప్పించాల్సింది అడ్వైజర్‌ని. నామినేషన్ వేశాక కాదు, వేయకముందు.

వీసా సంగతి అన్నిటికంటే జాగ్రత్తగా చూసుకోవాలి. సెమిస్టర్ నడుస్తున్నప్పుడు ఎఫ్‌-1 విద్యార్థి క్యాంపస్‌లో చేసే పని వారానికి ఇరవై గంటలు దాటకూడదు. ఇరవై గంటల టీఏ ఉన్నవాళ్లకి, స్టూడెంట్ గవర్నమెంట్ పదవికి కూడా స్టైపెండ్ ఉంటే, ఆ డబ్బు జీతం కింద లెక్కా, స్కాలర్‌షిప్ కింద లెక్కా అన్నది ఇంటర్నేషనల్ ఆఫీసులో అడిగి, జవాబు ఈమెయిల్‌లో రాయించుకోవాలి. సీనియర్ చెప్పాడు, వాట్సాప్ గ్రూపులో చూశాం అని ఊరుకుంటే కుదరదు.

ప్రచారం గురించి ఒక మాట గట్టిగానే చెప్పాలి. యూనివర్సిటీ లాగిన్‌తో ఆన్‌లైన్‌లో వేసే ఓటు ఇది. "నీ ఫోన్ ఇటివ్వరా, నేను వేసేస్తా" అన్నది మనవాళ్ల మధ్య చనువు కావచ్చు, యూనివర్సిటీ దృష్టిలో అది మోసం. అభ్యర్థిత్వం రద్దవడంతో ఆగకుండా క్రమశిక్షణ కమిటీ దాకా పోవచ్చు. అక్కడ సస్పెండైతే ఎఫ్‌-1 విద్యార్థి పోగొట్టుకునేది సెమిస్టర్ ఒక్కటే కాదు, స్టేటస్ కూడా. మన ఓట్లు మన అపార్ట్‌మెంట్లలోనే ఉన్నాయనుకోవడం కూడా పొరపాటు. ఈ ఎన్నికల్లో ఓటు వేసేవాళ్లు తక్కువ. చైనా విద్యార్థుల ల్యాబులు, ఇరాన్ నుంచి వచ్చి ఇంటికి వెళ్లలేక ఏళ్లు గడుపుతున్నవాళ్లు, పసిపిల్లలతో ఫ్యామిలీ హౌసింగ్‌లో ఉండే అమెరికన్ పీహెచ్‌డీలు, రాత్రిపూట ఎంబీఏ చదివే ఉద్యోగులు, వీళ్ల దగ్గరికి వెళ్లి మీ ఇబ్బందేమిటని అడిగిన అభ్యర్థి అరుదు. అలా అడిగినవాడికి ఓట్లూ పడతాయి, గెలిచాక ఏం చేయాలో కూడా తెలుస్తుంది.

గెలిచాక డబ్బు చేతికొస్తుంది. ట్యూషన్ బిల్లులో కలిపి ప్రతి విద్యార్థి దగ్గరా వసూలు చేసే యాక్టివిటీ ఫీజు అది. ప్రభుత్వ యూనివర్సిటీల్లో దాన్ని విద్యార్థి సంఘాలకు పంచేటప్పుడు ఆ సంఘం అభిప్రాయాలను బట్టి ఇవ్వడం, మానడం కుదరదని 2000లో విస్కాన్సిన్ యూనివర్సిటీ సౌత్‌వర్త్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు చెప్పింది. ఉగాది కార్యక్రమానికి దరఖాస్తు వస్తే మనదే కదా అని కలం జారకూడదు, నచ్చని సంఘం దరఖాస్తు వస్తే బిగుసుకోకూడదు. మన తెలుగు సంఘాల పిల్లలకు కూడా ఇది తెలిసి ఉంటే మంచిది. కార్యక్రమం అందరికీ తెరిచి ఉందా, భోజనం ఖర్చు పరిమితి ఎంత, గడువు ఎప్పుడు అన్నవి చదివి దరఖాస్తు పెడితే తిరిగి రావడం ఉండదు.

మన అసోసియేషన్ల తరఫున చేయగలిగింది ఒకటుంది. ఆగస్టులో ఎయిర్‌పోర్టు నుంచి పిల్లల్ని తీసుకొచ్చి, మంచాలూ గిన్నెలూ సమకూర్చి, మొదటి వారం అన్నం పెట్టే పని మనం బాగా చేస్తున్నాం. ఆ మొదటి వారం భోజనాల దగ్గరే, ఇప్పటికే సెనేట్‌లో ఉన్నవాళ్లలో ఒకరిని, తెలుగువాళ్లే కానక్కర్లేదు, పిలిచి పావుగంట మాట్లాడించాలి. ఏ డిపార్ట్‌మెంట్ సీట్లు ఖాళీగా ఉన్నాయో వాళ్ల దగ్గర జాబితా ఉంటుంది. సంతకాలు ఎన్ని కావాలో, ఫారం ఎక్కడ దొరుకుతుందో, మొదటి సమావేశం ఎప్పుడో ఆ పూటే చెప్పేయవచ్చు.