రాజోలి చీరకు ఎన్ని ఫోటోలు కావాలి?

జోగులాంబ గద్వాల జిల్లాలో తుంగభద్ర ఒడ్డునున్న రాజోలి నేతన్నల ఊరు. గద్వాల చీరలు నేసే ఊళ్లలో ఇదొకటి. ఒళ్లంతా నూలు, అంచూ కొంగూ పట్టు. నూలు పేకనూ పట్టు పేకనూ ఒకదానిలో ఒకటి మెలేసి కలిపే నేత వీటి ప్రత్యేకత. ఇప్పుడు ఆ చీర కొనేవాళ్లు చాలామంది ముందు చూసేది బట్టను కాదు, ఫోన్‌లో బొమ్మను. హైదరాబాద్‌లోనో డాలస్‌లోనో ఉన్నావిడ ఆ బొమ్మను నమ్మి డబ్బు కడుతుంది. అందుకని బొమ్మ అబద్ధమాడకూడదు.

ఊళ్లో ఒక నేత కుటుంబం సొంత వెబ్‌సైట్ పెట్టుకుందనుకుందాం. రాతలు, బొమ్మలు, ధరలు ఎక్కించుకుని కావలసినప్పుడు మార్చుకునే సాఫ్ట్‌వేర్‌ను సీఎంఎస్ అంటారు. అందులో రాతలతో పెద్ద పేచీ లేదు. చిక్కంతా బొమ్మలతోనే.

1.2 కోట్ల చుక్కల (పిక్సెళ్ల) ఫోన్ కెమెరానే తీసుకోండి. ఫోటో అడ్డంగా 4,000 చుక్కలు, నిలువునా 3,000. ఎరుపు, ఆకుపచ్చ, నీలం రంగులకు ఒక్కో బైటు చొప్పున చుక్కకు మూడు బైట్లు. లెక్క ప్రకారం 36 మెగాబైట్లు రావాలి. కానీ ఫైలు చూస్తే నాలుగైదు మెగాబైట్లే ఉంటుంది. అది జేపెగ్ అనే కుదింపు పద్ధతి మహిమ. ఫోటోను ఎనిమిది చుక్కల వెడల్పు, ఎనిమిది చుక్కల ఎత్తున్న గళ్లుగా కోసి, ఒక్కో గడిలోని వెలుగునీడలను నిదానంగా మారేవి, గబగబా మారేవి అని అలలుగా విడదీస్తారు. గబగబా మారేవాటిని మన కన్ను అంతగా పట్టించుకోదు కనుక వాటిని ముతకగా గుర్తుపెట్టుకుంటే చాలు. ఈ విడదీసే గణితమే డిస్క్రీట్ కొసైన్ ట్రాన్స్‌ఫామ్. 1974 జనవరిలో దాన్ని ప్రకటించిన వ్యాసానికి రచయితలు ముగ్గురు: బెంగళూరులో పుట్టిన నసీర్ అహ్మద్, టి. నటరాజన్, కామిశెట్టి రామమోహనరావు. కె.ఆర్. రావుగా ఇంజనీర్లకు తెలిసిన ఈ రామమోహనరావు టెక్సస్ విశ్వవిద్యాలయం ఆర్లింగ్టన్‌లో ఆచార్యులుగా పనిచేశారు. మనం రోజూ పంపుకునే ఫోటోల వెనక ఇంత తెలుగు పేరు ఉందని మన పాఠ్యపుస్తకాలు పిల్లలకు చెప్పాలి.

అయితే కన్ను పట్టించుకోదని వదిలేసేది చీర విషయంలో ఒక్కోసారి అసలు సరుకే అవుతుంది. ముదురెరుపు అంచు మీద సన్నని జరీ గీత ఉందనుకోండి. జేపెగ్ చాలాసార్లు వెలుగును చుక్క చుక్కకూ దాచి, రంగును మాత్రం నాలుగు చుక్కలకు ఒకటిగా కలిపేస్తుంది. జరీ పసుపు ఎరుపులోకి ఊరుతుంది. అంచుల ఫోటోలకైనా ఈ రంగు కలపడం ఆపుకునే వీలు సాఫ్ట్‌వేర్‌లో ఉండాలి.

పరిమాణం తగ్గించేటప్పుడు ఇంకా పెద్ద ప్రమాదం ఉంది. 4,000 చుక్కల ఫోటోను 400కు తేవడానికి పదింటికొకటి ఏరుకుంటూ పోతే, వరుసగా ఉన్న నూలు పోగులూ ఏరిన చుక్కల వరుసా పొంతన తప్పి బట్ట మీద లేని అలలు లేస్తాయి. మువారే అంటారు దీన్ని. కొనేవాళ్లకు అది నేతలో లోపంలా కనిపిస్తుంది, పాపం నేతగాడిది. ఏరడానికి ముందు పక్కపక్క చుక్కలను సగటు చేస్తే ఆ అలలు అణుగుతాయి. మంచి సాఫ్ట్‌వేర్ ఈ పని తానే చేసుకుంటుంది. తొందరపడి రాసిన సాఫ్ట్‌వేర్ చేయదు.

అందుకే మొదటి నియమం: కెమెరా ఇచ్చిన అసలు ఫోటోను ముట్టుకోవద్దు. విత్తనపు గింజను వండుకోనట్టే, దాన్ని విడిగా దాచాలి. జాబితాకు 400 చుక్కలది, చీర పేజీకి 800ది, పెద్దది చేసి చూసేవాళ్లకు 1,600ది, అన్నీ దానినుంచే పుట్టాలి. 2010లో గూగుల్ తెచ్చిన వెబ్‌పీ, ఆ తర్వాత వచ్చిన ఏవిఫ్ లాంటి కొత్త రూపాలు కూడా అంతే. రేపు ఇంకోటి వచ్చినా అసలు ఉంది కనుక మళ్లీ తయారవుతుంది. ఒక మాట: వాట్సాప్‌లో మామూలుగా పంపిన ఫోటో అసలు కాదు, అప్పటికే కుదించినది. డాక్యుమెంట్‌గా పంపితే ఉన్నదున్నట్టు చేరుతుంది.

ఫోటో లోపల కనిపించని చీటీ ఒకటి ఉంటుంది. ఎప్పుడు తీశారు, ఫోన్‌ను ఎటు తిప్పి పట్టుకున్నారు, లొకేషన్ ఆన్‌లో ఉంటే ఏ అక్షాంశ రేఖాంశాల దగ్గర తీశారు, అన్నీ అందులో ఉంటాయి. మగ్గం ఇంట్లోనే ఉంటుంది కనుక ఆ లెక్క నేతగాడి ఇంటి చిరునామాయే. లోకానికి చూపే ప్రతుల్లో దాన్ని తీసేయాలి. అలాగని చీటీ మొత్తం చించేస్తే ఫోటో పక్కకు పడుకుంటుంది, రంగుల కొలత పోయి చీర వెలిసినట్టు కనిపిస్తుంది. ముందు ఫోటోను నిలబెట్టి, రంగులను మామూలు తెరల కొలతలోకి మార్చి, అప్పుడు చింపాలి.

ఇక ఫైలు పేరు. తెలుగులో పెట్టుకోవచ్చు, కానీ ‘రాజోలి’ అన్న పేరులో యూనికోడ్ సంకేతాలు ఆరు, ఒక్కోదానికి మూడు బైట్లు. వెబ్ చిరునామాలోకి ఎక్కేసరికి అది 54 అక్షరాల శాతం గుర్తుల దండ. తెలుగు పేరును ఫోటోల వివరాలు రాసుకునే పట్టికలో ఉంచి, ఫైలుకు దాని లోపలి బైట్లనుంచి లెక్కగట్టిన వేలిముద్రను పేరుగా పెట్టడం మేలు. అదే ఫైలును రెండోసారి ఎక్కిస్తే అదే వేలిముద్ర వస్తుంది, రెండో ప్రతి అక్కర్లేదు. 2004లో మొదలైన ఉచిత బొమ్మల భాండారం వికీమీడియా కామన్స్ కూడా ఇలాగే నకళ్లను పట్టుకుంటుంది. కుదించిన ప్రతిని ఈ పద్ధతి పట్టుకోలేదు. దానికి చూపు పోలికను లెక్కగట్టే వేరే పద్ధతులున్నాయి. అవి సాధారణంగా ఫోటోను నలుపు తెలుపు చేసి పోలుస్తాయి. ఒకే డిజైన్, వేర్వేరు రంగుల చీరలు రెండు ఉంటే రెండూ ఒకటే అనేస్తాయి! అందుకే తొలగించే నిర్ణయం మనిషి చేతిలోనే ఉండాలి.

చీర అమ్ముడైందని ఫోటో తీసేసేముందు అది ఇంకెక్కడెక్కడ వాడుకలో ఉందో సాఫ్ట్‌వేర్ చూపాలి. కామన్స్‌లో ప్రతి బొమ్మ కింద అలాంటి జాబితా ఉంటుంది. ఎవరు తీశారు, ఏ హక్కుతో వాడుకోవచ్చు అన్నదీ ఉంటుంది. దానికి నేసినవారి పేరు, వారి అనుమతి కలిపితే మన పట్టిక పూర్తవుతుంది. చూపులేనివారికి ఫోన్ చదివి వినిపించే వివరణ కూడా అక్కడే రాయాలి. ‘చీర ఫోటో’ అంటే వాళ్లకు ఏం తెలుస్తుంది? ఆవాల రంగు ఒళ్లు, ఎర్రంచు మీద కోటకొమ్మలు అని రాయండి.

2009 అక్టోబరులో తుంగభద్ర పొంగి రాజోలిని ముంచినప్పుడు మగ్గాలు కూడా నీటిపాలయ్యాయి. అలాంటి వరద ఫోటోలనూ వదలదు. అందుకే ఫోటోలకు మూడు ప్రతులు, రెండు రకాల సాధనాల మీద, ఒకటి వేరే ఊళ్లో అన్నది ఫోటోగ్రాఫర్లు పాటించే సూత్రం. ఇంట్లో హార్డ్‌డిస్క్ ఒకటి, క్లౌడ్‌లో ఒకటి, కంప్యూటర్‌లో ఒకటి ఉంటే సరిపోతుంది. పట్టికను కూడా ఫోటోలతో పాటే దాచండి. ఆర్నెల్లకోసారి ఆ దాచిన ప్రతినుంచి నాలుగు ఫోటోలు తెరిచి చూడండి; తెరుచుకోని ప్రతి లెక్కలోకి రాదు.