వదలని నీలి ‘ఈ’!

ఇంటర్నెట్ అంటే ఏంటయ్యా అని 2003లో మా వీధి చివర నెట్ సెంటర్ కుర్రాణ్ని అడిగితే, తెర మీదున్న నీలిరంగు ‘ఈ’ బొమ్మ చూపించి ‘ఇదే సార్’ అన్నాడు. అతని తప్పేం లేదు. అప్పట్లో చాలామంది అలాగే అనుకునేవాళ్లు. పరీక్ష ఫలితాలైనా, అమెరికాలో ఉన్న అబ్బాయి ఉత్తరమైనా ఆ బొమ్మ మీద రెండుసార్లు నొక్కితేనే కదా కనిపించేది!

దాని అసలు పేరు ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్-6. మైక్రోసాఫ్ట్ 2001 ఆగస్టులో విడుదల చేసింది. ఆ అక్టోబరులో వచ్చిన విండోస్ ఎక్స్‌పీతో పాటే ఇంటింటి కంప్యూటర్లోకీ చేరిపోయింది. పోటీగా ఉండే నెట్‌స్కేప్ అప్పటికే చతికిలపడింది. ఇక తొందరేముంది? తర్వాతి వెర్షన్ తేవడానికి ఆ సంస్థ అయిదేళ్లు తీసుకుంది. ఈలోగా వెబ్ మారింది, దొంగలూ తెలివిమీరారు. బ్రౌజరు మాత్రం ఉన్నచోటే ఉంది.

2004లో ఫైర్‌ఫాక్స్ వచ్చింది, 2008లో క్రోమ్ వచ్చింది. అయినా కోట్లమంది కదల్లేదు. ఆఫీసుల్లో అయితే మరీనూ... లోపల వాడుకునే సాఫ్ట్‌వేర్లన్నీ ఐఈ-6 కోసమే రాయించుకున్నారాయె. దాన్ని వదిలేయమని జనం సంతకాలు పెట్టి అడిగితే, 2010లో బ్రిటన్ ప్రభుత్వమే ‘ఖర్చెక్కువ’ అని పక్కన పెట్టేసింది. మన తెలుగువాళ్లది మరో చిక్కు. యూనికోడ్‌కి మారకముందు చాలా తెలుగు వెబ్‌సైట్లు సొంత ఫాంట్లు వాడేవి. ఐఈలో తెరిస్తే ముత్యాల్లాంటి అక్షరాలు, ఫైర్‌ఫాక్స్‌లో తెరిస్తే పిచ్చిగీతలు! ఆ గీతల్ని తెలుగులోకి మార్చే ‘పద్మ’ అనే చిన్న ప్రోగ్రాము ఫైర్‌ఫాక్స్‌కి దొరికాకే నాలాంటివాళ్లు ధైర్యం చేసి అటు మారారు.

ఎవరికీ చెప్పకుండా...

ఐఈ-6తో ఎక్కువ విసిగిపోయింది వెబ్‌సైట్లు తయారుచేసేవాళ్లు. అన్ని బ్రౌజర్లకూ ఒకసారి రాసి, దీనికోసం మళ్లీ ప్రత్యేకంగా అతుకులు వేయాలి. 2009లో యూట్యూబ్‌లో కొందరు ఇంజినీర్ల ఓపిక నశించింది. ‘మీ బ్రౌజరు ఇక్కడ త్వరలో పనిచేయదు, కొత్తది పెట్టుకోండి’ అంటూ ఐఈ-6 వాడేవాళ్లకు మాత్రమే కనిపించేలా వీడియో పైన ఓ పట్టీ తగిలించారు. తమాషా ఏంటంటే... పైవాళ్లను అడగలేదు! గూగుల్ కొనకముందు నుంచీ యూట్యూబ్‌లో ఉన్న పాత ఉద్యోగులకు ప్రత్యేక అనుమతులుండేవి. వాటిని వాడుకుని గుట్టుచప్పుడు కాకుండా పెట్టేశారు.

తర్వాత లాయర్లు పరుగెత్తుకొచ్చారు. సొంత బ్రౌజరు క్రోమ్‌నే ముందు పెట్టి ఉంటే పోటీ చట్టాల కింద కేసులవుతాయని వాళ్ల భయం. ఇంజినీర్లు అదీ ఆలోచించే ఉంచారు. పట్టీలో బ్రౌజర్ల పేర్లు ఒక్కొక్కరికి ఒక్కో వరసలో కనిపిస్తాయి. ఈలోపు గూగుల్‌లోనే మరో విభాగం, యూట్యూబ్‌కి అనుమతి దొరికిందనుకుని, తన పేజీల్లోనూ అలాంటి పట్టీయే పెట్టేసింది! నెల తిరిగేసరికి యూట్యూబ్‌లో ఐఈ-6 వాడేవాళ్లు సగానికి పడిపోయారు. ఈ గుట్టును ఆ బృందంలోని క్రిస్ జకరయాస్ పదేళ్ల తర్వాత, 2019లో బయటపెట్టాడు.

ఒక్క లింకు చాలు

అందం, వేగం సరే. అసలు భయం వేరే ఉంది. 2010 జనవరిలో గూగుల్ ఓ పిడుగులాంటి వార్త చెప్పింది. తమ మీదా, మరో ఇరవై పెద్ద కంపెనీల మీదా దాడి జరిగిందని. దాని పేరే ‘ఆపరేషన్ అరోరా’. దొంగలు వాడుకున్న దారుల్లో ఒకటి ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌లోని రంధ్రం. ఆ దాడి ఐఈ-6 మీద బాగా పారింది. ఉద్యోగి చేయాల్సిందల్లా ఒక లింకు నొక్కడం. పేజీ తెరుచుకుంటే చాలు, అందులో దాగిన ప్రోగ్రాము కంప్యూటర్లోకి దిగిపోతుంది. జర్మనీ, ఫ్రాన్స్ ప్రభుత్వ సంస్థలు ఆ బ్రౌజరు వాడొద్దని తమ ప్రజలకు చెప్పాయి. మైక్రోసాఫ్ట్ హడావుడిగా అదే నెల 21న మరమ్మతు విడుదల చేసింది.

ఇక్కడే చాలామందికి తెలియని మెలిక ఉంది. మరమ్మతు వచ్చిన రోజు, చేయించుకోని వాళ్లకు ముప్పు తగ్గదు... పెరుగుతుంది! కొత్త ఫైలునూ పాత ఫైలునూ పక్కపక్కన పెట్టి చూస్తే, ఎక్కడ మాటు వేశారో దొంగకు తెలుస్తుంది. మాటు ఎక్కడుందో తెలిస్తే రంధ్రం ఎక్కడో తెలిసినట్టేగా. ‘తర్వాత చూద్దాంలే’ అని మనం నొక్కే ఆ చిన్న బటన్ అతనికి గడువు పెంచడమే.

ఐఈ-6కి 2010 మార్చిలో అమెరికాలోని డెన్వర్‌లో ఓ వెబ్ డిజైన్ కంపెనీ సరదాగా అంత్యక్రియలు చేస్తే, మైక్రోసాఫ్టే పూలు పంపింది. 2014 ఏప్రిల్‌లో ఎక్స్‌పీకి మద్దతు ఆగిపోయింది. ఆఖరి వెర్షన్ ఐఈ-11 కూడా 2022 జూన్ 15న సెలవు తీసుకుంది.

ఇప్పటి బ్రౌజర్లు కొన్ని వారాలకోసారి తమంతట తామే కొత్త వెర్షన్ దించుకుంటాయి. కానీ మూసి మళ్లీ తెరిస్తేనే అది అమల్లోకి వస్తుంది. ముప్ఫై ట్యాబులు తెరిచిపెట్టి, మూత మాత్రమే వేసే మన ల్యాప్‌టాప్‌లలో ఆ ముహూర్తమే రాదు. క్రోమ్‌లో కుడివైపు పైన మూడు చుక్కలు నొక్కి, హెల్ప్‌లోకి, అక్కణ్నుంచి ‘అబౌట్ గూగుల్ క్రోమ్’లోకి వెళ్తే సంగతి తెలుస్తుంది. ఫోనులో అయితే ప్లేస్టోర్‌లో చూడాలి. ఏదో వెబ్‌సైట్ మధ్యలో ‘మీ బ్రౌజరు పాతబడింది, ఇక్కడ నొక్కండి’ అని ఎగిరిపడే పెట్టెను మాత్రం నమ్మకండి. యూట్యూబ్ ఇంజినీర్ల పట్టీని ఇప్పుడు దొంగలు నేర్చుకున్నారు!

మొన్న ఊరెళ్తే, మా బాబాయి విండోస్-7 కంప్యూటర్లో పింఛను ఖాతా చూసుకుంటూ కనిపించాడు. బ్రౌజరు క్రోమ్-109. 2023 ఫిబ్రవరిలో వచ్చిన 110 నుంచీ విండోస్-7కి క్రోమ్ ఎక్కదు. ‘బాగానే పనిచేస్తోంది కదరా’ అన్నాడు. గంటసేపు మాట్లాడితే ఒప్పందానికి వచ్చాడు. బ్యాంకు పని ఇక కొత్త ఫోనులో. డిస్కులో దాచుకున్న ఘంటసాల పాటలు మాత్రం నెట్ వైరు పీకేసిన ఆ పాత కంప్యూటర్లోనే.