రెండడుగుల దారిని ఏడువేల అడుగుల కొండ



హిమాలయపర్వతముల యొడిలో డార్జిలింగు అను పట్టణము కలదు. ఆ పట్టణమునకును, దిగువనున్న బంగాళపు మైదానమునకును నడుమ 140 సంవత్సరములకు పైగా ఒక చిన్న రైలుబండి తిరుగుచున్నది. దాని రెండు పట్టాల నడుమ వెడల్పు రెండే అడుగులు. మన యెడ్లబండి కాడి అంతకంటె చాల పొడవు. అట్టి సన్నని దారిని ఆ బండి సముద్రమట్టమునకు సుమారు 400 అడుగుల యెత్తుననున్న సిలిగురి నుండి బయలుదేరి, ఘూమ్ అను స్టేషనుకడ 7,407 అడుగుల యెత్తునకు చేరును.

"దారి ఇంత సన్నగా నేల వేసిరి? వెడల్పుగా వేసిన మరింత బాగుండెడిది కాదా?" అని నా విద్యార్థులు అడుగుచుండెడివారు. పుస్తకములలో చదివిన సమాధానమునే చెప్పుచుంటిని. ఉద్యోగవిరమణానంతరము, 2019వ సంవత్సరము మార్చినెలలో, భార్యాసమేతుడనై ఆ బండి యెక్కి వచ్చితిని. ఆ సన్నదనమే ఆ దారికి ప్రాణమని కన్నులార చూచిన పిమ్మట, ఆ సంగతిని మీకు విన్నవింపవలెనని తోచినది.

ముందుగా కొంచెము చరిత్ర. 1878వ సంవత్సరమునాటికి కలకత్తా నుండి సిలిగురి వరకు రైలు వచ్చినది. అచ్చటినుండి కొండమీదికి గుఱ్ఱపుబండ్లును ఎడ్లబండ్లును పోవు రోడ్డొకటి మాత్రమే యుండెను. క్రింద చౌకగా దొరకు బియ్యము పైకి చేరుసరికి బండికూలి కలిసి మిక్కిలి ప్రియమగుచుండెను. పైన పండిన తేయాకు క్రిందికి దిగుటయు నంతే కష్టము. ఈస్టర్న్ బెంగాల్ రైల్వేకు ఏజెంటుగానుండిన ఫ్రాంక్లిన్ ప్రెస్టేజి అను దొర దీనినంతయు లెక్కవేసి, కొత్తగా కొండను త్రవ్వనక్కరలేదు, ఉన్న రోడ్డు ప్రక్కనే సన్నని పట్టాలు పరచవచ్చునని ప్రభుత్వమునకు మనవి చేసెను. 1879లో పని ఆరంభమైనది. 1880 ఆగష్టు నాటికి బండి కర్సియాంగు చేరెను. 1881 జూలైలో డార్జిలింగు చేరెను. ఏబది మైళ్ల కొండదారి రెండేండ్లలో ముగిసినదనిన ఆశ్చర్యము కలుగక మానదు. సొరంగ మొక్కటియు లేదు.

ఇక కష్టమెచ్చట నున్నదో చూతము. ఇనుపచక్రము ఇనుపపట్టాపై తేలికగా దొర్లును. రైలుబండి గొప్పతన మంతయు నందే యున్నది. కాని ఏ నునుపువలన బండి తేలికగా దొర్లునో, ఆ నునుపువలననే యెత్తుపల్లమున జారును. అందుచే మైదానములందలి పెద్దదారులలో నూరడుగులు నడచిన ఒక్క అడుగుకంటె ఎక్కువ యెక్కింపరు. డార్జిలింగు దారియో, కొండ మొదలైనది మొదలు ఇంచుమించు ముప్పది అడుగుల కొక్క అడుగు చొప్పున ఎక్కవలయును. నీలగిరులలో కూనూరునకు పోవు దారిలో ఇంతకన్న నిట్రమైన యెక్కుడు కలదు గాని, అచ్చట పట్టాల నడుమ పండ్లపట్టీ వేసి, ఇంజను క్రింది పండ్లచక్రమును దానిలో కొలిపినారు. అది నిచ్చెన యెక్కుట వంటిది. డార్జిలింగు బండికి అట్టి పండ్లు లేవు. అది తన బరువును, చక్రముల పట్టును మాత్రమే నమ్ముకొని యెక్కవలసినదే.

అటులైన దారిని పొడిగించి, కొండచుట్టు మెల్లగా త్రిప్పుకొని పోవలయును. కొండ మలుపులు మిక్కిలి బిగువైనవి. వెడల్పు సంగతి ఇచ్చటనే వచ్చుచున్నది. కళ్ళమున నూర్పు త్రొక్కించునప్పుడు గుంజ ప్రక్కనున్న యెద్దు కొద్దిగా నడచును. వెలుపలి యెద్దు చాల దూరము నడువవలయును. రైలు మలుపు తిరుగునప్పుడు లోపలి చక్రమునకును వెలుపలి చక్రమునకును అదే తారతమ్యము. మన యెడ్లబండిలో చక్రములు ఇరుసుపై వేనికవి స్వేచ్ఛగా తిరుగును గనుక చిక్కు లేదు. రైలుబండిలో రెండు చక్రములును ఇరుసునకు బిగించబడి, ఇరుసుతో కలిసి తిరుగును. ఒకటి ఎక్కువ, మరియొకటి తక్కువ తిరుగుట కుదరదు. చక్రపు అంచును కొంచెము వాలుగా చేసి కొంత సర్దుదురు గాని, ఆ సర్దుబాటునకును మితి కలదు.

భాస్కరాచార్యులు లీలావతిలో చెప్పిన ఇరువదిరెండు బై ఏడు లెక్కను చేతబట్టి చూడుడు. రెండడుగుల దారి ఒక పూర్తి చుట్టు తిరిగినచో వెలుపలి పట్టా లోపలి పట్టాకంటె పండ్రెండున్నర అడుగులు మాత్రమే పొడవు. మన పెద్దదారి, అనగా అయిదున్నర అడుగుల దారి, అదే చుట్టు తిరిగినచో ముప్పదినాలుగున్నర అడుగులు పొడవు. చుట్టు పెద్దదైనను చిన్నదైనను ఈ తేడా మారదు. చిన్న చుట్టులో ఆ తేడా కొద్దిదూరములోనే పడుటచే చక్రమునకు బాధ హెచ్చును. కావున వెడల్పుదారి తిరుగలేని బిగువైన మలుపులను సన్నని దారి తిరుగగలదు. దీనికి తోడు ఇంజనును, పెట్టెలును పొట్టివిగా చేయబడినవి.

ఈ దారిలో మూడు చుట్లు కలవు. చుట్టనగా బండి గుండ్రముగా తిరిగి, తాను వచ్చిన దారినే వంతెనమీద దాటి పైకి పోవుట. వానిలో ఒకదానికి "యాతనాస్థలము" అను అర్థము వచ్చు ఆంగ్లనామము పెట్టినారు. దాని వ్యాసార్ధము 60 అడుగులకు అటునిటు. ఒక దేవాలయపు కోనేటి చుట్టు రైలుబండి ప్రదక్షిణము చేసినట్లుండును. నేను కిటికీనుండి తల వంచి చూడగా మా పెట్టెకు కొంచెము క్రిందుగా, ఇప్పుడే దాటివచ్చిన పట్టాలు కనబడినవి.

చుట్టు తిరుగుటకు కూడ చోటులేని చోట్ల మరియొక యుపాయము పన్నిరి. బండి ముందునకు పోయి, దారి తెగినచోట నిలుచును. వెనుక పట్టాల మీట త్రిప్పుదురు. అప్పుడది వెనుకకు, కాని పైకి, పోవును. మరల నిలిచి, మరల మీట త్రిప్పించుకొని, ముందునకు పోవును. ఇట్టి వెనుకడుగు మలుపులు ఆరు కలవు. ఘాటురోడ్డుమీద బస్సు మలుపు తిరుగును గదా, దీనికేమి యందురేమో. బస్సు ముందుచక్రములు ప్రక్కకు తిరుగును. రైలునకు పట్టా చూపిన దారియే దారి. పనివాండ్రు ముందుకు పోలేక దిక్కుతోచక యుండగా ఒక దొరసాని "ముందుకు పోలేనిచో వెనుకకు పోరాదా?" అనెనని, దానినుండియే ఈ యుపాయము పుట్టెనని అచ్చట కథగా చెప్పుకొందురు. నిజమైనను కాకున్నను వినదగిన కథయే.

సుక్నా వరకు నేల సమముగానే యుండును. ఆపైన గుగ్గిలపుచెట్ల అడవి. అచ్చటినుండి బండి మూలుగుట మొదలుపెట్టును. తీన్‌ధరియా కడ ఈ దారికి సంబంధించిన కర్మాగారము కలదు. పాత ఇంజనులకు కావలసిన సామాను అంగడిలో దొరకదు గనుక, చాల భాగములను అచ్చటి కమ్మరులే చేసికొందురు. తరువాత తేయాకుతోటలు, లోయలు, నడుమనడుమ మేఘము. మేఘము కిటికీలోనుండి లోపలికి వచ్చి మా మోకాళ్లపై కూర్చున్నట్లయినది. కర్సియాంగు బజారులో బండి దుకాణములను రాసికొనునంత దగ్గరగా పోవును. అంగడివాడు చేయిచాచి మిఠాయి పొట్లము అందించవచ్చును. రోడ్డును పట్టాలు నూరుకు పైగా చోట్ల దాటును. నా భార్య "దీనికంటె నడచిపోయిన ముందు చేరుదుము" అని రెండుసారులు అన్నది. ఆ మాటలో అసత్యము కొంచెమే. మాకు ఏడు గంటలు దాటినది.

ఉన్నదున్నట్లు చెప్పవలెను. మమ్ము పైకి తెచ్చిన ఇంజను డీజిలుది. 2000వ సంవత్సర ప్రాంతమున అవి వచ్చినవి. ఆవిరి ఇంజనులు ముఖ్యముగా డార్జిలింగు, ఘూమ్‌ల నడుమ యాత్రికుల కొరకు తిరుగుచున్నవి. మరునాడు మేమది యెక్కితిమి. నాలుగే చక్రములు, నాలుగును త్రిప్పబడునవే. కావున దాని బరువంతయు పట్టునకే పనికివచ్చును. ఈ మాదిరి ఇంజనులలో మొదటివి 1889లో స్కాట్లండునందలి గ్లాస్గోలో చేయబడినవి. మొత్తము 34 చేసిరి.

ఆవిరి పని తెలియనివారి కొరకు ఒక్కమాట. ఒక చెంబు నీరు ఆవిరియైన 1,600 చెంబులకు మించిన చోటు కావలెనని త్రోయును. ఆ త్రోపే ఇంజను బలము. పని తీరిన ఆవిరి పొగగొట్టములోనుండి దుమికి పోవుచు నిప్పుగూటిలోనికి గాలిని లాగును. కొలిమికి తిత్తి ఎట్లో దీనికి అది యట్లు. ఎక్కుడు కష్టమైనకొలది ఆవిరి బిగ్గరగా దుముకును, నిప్పు అంతకంతకు రాజుకొనును. మనము వినెడి "ఝుక్ ఝుక్" ఆ యూపిరియే. చక్రము ఒకసారి తిరిగిన నాలుగు ఊపిరులు. ఇంజను ముక్కుపై ఇద్దరు మనుష్యులు కూర్చుండి, పట్టాలు తడిసియున్నచోట పిడికిళ్లతో ఇసుక చల్లుచుండిరి. ఇసుక లేనిచో చక్రము తిరుగును గాని బండి కదలదు. 1919లో కట్టిన బతాసియా చుట్టుకడ మేఘము విడిపోయి 28,169 అడుగుల కాంచనగంగ కనబడినది. పెట్టెలోనివారందరును మాటలు మానిరి.

మన ప్రాంతమునను ఒక చిన్నదారి యుండెను. శ్రీకాకుళము జిల్లా నౌపడ నుండి టెక్కలి, పాతపట్నముల మీదుగా పర్లాకిమిడికి 1900లో వేసిరి. 1931లో గుణుపురము వరకు పెంచిరి. దాని వెడల్పు రెండున్నర అడుగులు. చిన్నతనమున బంధువుల పెండ్లిండ్లకు నేనందులో పోయితిని. 2004లో దానిని మూసి, 2011 నాటికి గుణుపురము వరకు పెద్దదారిగా మార్చిరి. అది వంశధార లోయలోని నేల గనుక సాధ్యమైనది. ప్రజలకు మేలే జరిగినది. దానికి నేను చింతింపను. కాని అదే న్యాయమును డార్జిలింగునకు చెప్పువారు కలరు. "జీపులో మూడు నాలుగు గంటలలో పోవుచుండగా ఈ నత్తబండి యెందులకు? పెద్దదారియైన వేయుడు, లేనిచో తీసివేయుడు" అందురు. పెద్దదారి ఆ మలుపులలో పట్టదని మీకిప్పుడు తెలిసినది. తీసివేసినచో తిరిగి వేయువారుండరు. సరకులు ఏనాడో లారీల పాలైనవి. వచ్చుబడి తక్కువ, మరమ్మతు ఎక్కువ. 1999లో యునెస్కో దీనిని ప్రపంచ వారసత్వముగ గుర్తించినది. రైలుదారులలో ఆ గౌరవము పొందినవానిలో ఇది రెండవది. ఆ గౌరవము కొంత రక్ష.

అసలు శత్రువు వర్షము. పాగ్లాఝోరా, అనగా పిచ్చిసెలయేరు, అనుచోట 2010లో కొండ విరిగిపడి రోడ్డును పట్టాలను మ్రింగినది. పూర్తి దారి మరల తెరచుటకు 2015 వరకు పట్టినది. కొండ కదలుచుండుట కొత్తగాదు. చెట్లు కొట్టి, వాగుల దారిలో ఇండ్లు కట్టి మనుష్యులు దానికి సాయపడుచున్నారని నా యభిప్రాయము.

పోదలచినవారు వర్షకాలమును విడిచి, అక్టోబరు, నవంబరులలో గాని మార్చిలో గాని పోవుడు. కలకత్తా మీదుగా న్యూజల్పాయిగురి చేరి, చిన్నబండికి టిక్కెట్టు ముందుగనే తీసికొనవలయును. సీటు ఇరుకు; మోకాళ్ల నొప్పులవారు డార్జిలింగు వరకు మోటారులో పోయి, అచ్చట ఆవిరిబండి యొక్కటి యెక్కిన చాలును. ఉన్నిశాలువ తప్పక యుండవలెను. కిటికీకడ కూర్చున్నవారు కన్నులలో బొగ్గునలుసు పడకుండ చూచుకొందురుగాక.