నాలుగుసార్లు ఛానెల్ దాటిన సారా థామస్

రొమ్ము ఆపరేషన్ అయి, కుట్లు తీసేశాక కూడా ఆ వైపు చెయ్యి ఒంటికి అంటించుకునే కూర్చునే తల్లులను మా వార్డులో తరచు చూస్తుంటాము. "చెయ్యి పైకెత్తమ్మా, నీ తల నువ్వే దువ్వుకో" అంటే, "ఇక ఈ చెయ్యి పనికి రాదు సిస్టరమ్మా" అంటారు. అలాంటివారికి మేము సారా థామస్ సంగతి చెబుతుంటాము.

సారాది అమెరికాలోని కొలరాడో. దూరపు ఈతలో ఆమెది పెద్ద పేరు. 2017 ఆగస్టులో చాంప్లెయిన్ సరస్సులో 104 మైళ్లకు పైగా, అంటే దాదాపు 168 కిలోమీటర్లు, 67 గంటలకు పైగా ఎక్కడా ఆగకుండా ఈదారు. అదే సంవత్సరం నవంబరులో ఆమెకు రొమ్ము క్యాన్సర్ అని తేలింది. అంత గట్టి ఒంటికే వచ్చింది. "నాకెందుకు వస్తుందిలే" అని గడ్డను నెలల తరబడి దాచుకునేవారు ఈ మాట గమనించాలి.

కీమోథెరపీ, ఆపరేషన్, రేడియేషన్ అన్నీ అయ్యాయి. చికిత్స జరుగుతున్నప్పుడు కూడా ఓపిక ఉన్నంతలో ఆమె ఈత మానలేదు. 2018 ఆగస్టుకు చికిత్స ముగిసింది. ఏడాది దాటగానే, 2019 సెప్టెంబరు 15న, 37 ఏళ్ల వయసులో ఇంగ్లండు తీరంలోని డోవర్ దగ్గర ఇంగ్లిష్ ఛానెల్‌లో దిగారు. ఇంగ్లండుకూ ఫ్రాన్సుకూ మధ్య సముద్రం ఎంత ఇరుకైన చోటైనా 33 కిలోమీటర్లు ఉంటుంది. దాన్ని వరుసగా నాలుగుసార్లు దాటాలని ఆమె సంకల్పం. అంతవరకు మూడుసార్లు దాటినవారే నలుగురు.

ఛానెల్ ఈతకు మామూలు ఈతదుస్తులే వేసుకోవాలి. పడవ వెంట వస్తుంది గాని దాన్ని పట్టుకోకూడదు. అరగంటకొకసారి, లవణాలు కలిపిన ప్రోటీన్ పానీయాన్ని సీసాలో పోసి, తాడు కట్టి ఆమెకు విసిరేవారు. రోగికి గంట గంటకు ఎంత తాగించామో రాసుకునే మాకు ఈ పద్ధతి బాగా నచ్చింది. ఎంత బలవంతులైనా వేళకు తాగకపోతే కండరాలు మొరాయిస్తాయి. ఉప్పునీటికి ఆమె నోరు, నాలుక, గొంతు పుండ్లు పడినట్టయ్యాయి. జెల్లీచేప ముఖం మీద కుట్టింది. ఆటుపోట్లు పక్కకు లాగడంతో మొత్తం ఈత సుమారు 209 కిలోమీటర్లు అయింది. 54 గంటల 10 నిమిషాల తరువాత, సెప్టెంబరు 17 ఉదయం, తిరిగి డోవర్ చేరారు. నాలుగుసార్లు ఆగకుండా దాటిన మొదటి వ్యక్తి ఆమే. క్యాన్సర్ నుండి కోలుకున్నవారందరికీ ఆ ఈతను అంకితమిచ్చారు.

2022లో ఐర్లాండు, స్కాట్లాండుల మధ్య ఉన్న నార్త్ ఛానెల్‌ను కూడా రానూపోనూ ఈదారు.

మా తల్లులను మేము సముద్రంలో దిగమనడం లేదు. డ్రెయిన్ ట్యూబు ఉన్నన్నాళ్లు డాక్టరు చెప్పినంత మేరకే చెయ్యి కదపాలి. తీసేశాక తల దువ్వుకోవడం, గోడ మీద వేళ్లతో మెల్లగా పైకి పాకించడం రోజూ చేయాలి. ఎక్కడిదాకా అందిందో గోడ మీద పెన్సిలుతో గీత పెట్టుకోండి. చెయ్యి వాచినా, బరువుగా అనిపించినా వెంటనే వచ్చి చూపించుకోండి.