రక్తం తీస్తే ఒంట్లో తగ్గిపోదా?

జ్వరమొచ్చి రక్తపరీక్షకు వెళ్తే సూదిని చూసి నువ్వు ఏడుస్తావు. నీకన్నా అమ్మకే బెంగ ఎక్కువ. "అసలే బక్కప్రాణం, ఇంత రక్తం తీసేస్తున్నారే!" అంటుంది.

నిజంగా తగ్గిపోతుందా? 20 కిలోల పిల్లల ఒంట్లో సుమారు లీటరున్నర రక్తం ఉంటుంది. మామూలు పరీక్షకు తీసేది 2, 3 మిల్లీలీటర్లే. టీ చెంచా కూడా నిండదు! ఆ కాస్తలో పోయిన రక్తకణాలను ఎముకల లోపలి మెత్తని మూలుగ మళ్లీ తయారుచేస్తుంది. వంటింట్లో పొయ్యి రాత్రికి ఆరుతుంది కానీ, మూలుగ నువ్వు నిద్రపోతున్నా కొత్త రక్తకణాలను చేస్తూనే ఉంటుంది.

మరి చేతికి పట్టీ ఎందుకు బిగిస్తారు? నీళ్ల పైపును తొక్కితే వెనకవైపు ఉబ్బుతుంది కదా! అలాగే గుండెకు తిరిగి వెళ్లే రక్తం పట్టీ దగ్గర ఆగి, నరం ఉబ్బి పైకి కనిపిస్తుంది. చెయ్యి కదపకపోతే చాలాసార్లు ఒక్క పోటుతోనే పని అయిపోతుంది.

ఈ చెంచా లెక్క అమ్మకు కూడా చెప్పు.